దినమునకు మూడధ్యాయములు

పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ పేరు వినగానే మనకు వాసవీ కన్యకాపరమేశ్వరి స్ఫురించును. నగరేశ్వరస్వామి కొలువున్న ఆ యూరికి పురాణపఠనము క్రొత్త కాదు. గ్రంథమును మొదటినుండి తుదివరకు, నియమము తప్పక, ఇన్ని దినములలో చదివి ముగింతునని సంకల్పించుట మన యిండ్లలో పారాయణమను పేర ప్రసిద్ధము. రామాయణమును తొమ్మిది దినములలో చదివిన నవాహము, భాగవతమును ఏడు దినములలో చదివిన సప్తాహము. భాగవతమున 12 స్కంధములు, 335 అధ్యాయములు కలవు. ఏడు దినములకు పంచినచో దినమునకు సుమారు 48 అధ్యాయములు వచ్చును. ఆ భారము పౌరాణికునిది; వినుట ఊరివారిది. ఏడు దినములే ఏల యన్నచో, తక్షకుని కాటునకు ముందు పరీక్షిత్తునకు మిగిలిన గడువు అంతియే. గ్రంథము పెద్దది, ఆయువు చిన్నది. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు ఏర్పాటే పారాయణక్రమము.

పెనుగొండనుండి దక్షిణముగా పోయినచో పాలకొల్లు, ఆపైన నరసాపురము తగులును. గోదావరి కాలువలు పారు ఈ నేలమీద మరియొక గ్రంథపఠనము పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమునుండి సాగుచున్నది. అది తెలుగు క్రైస్తవులు పరిశుద్ధ గ్రంథమని పిలుచుకొను బైబిలు. వారి కుటుంబములలో పెక్కింట నూతన సంవత్సరముతో ఒక సంకల్పము పుట్టును: ఈ యేట గ్రంథమును ఆదినుండి అంతమువరకు, దినమునకింత చొప్పున చదువవలెను. సంక్రాంతి నాటికి ఉత్సాహము నిండుగా నుండును. ఉగాది నాటికి ఎందరు మిగులుదురో సంకల్పించిన వారికే ఎరుక. ఈ నియమము ఎక్కడ పుట్టినది? మన గోదావరి తీరమునకు చేరుటకు దానికేమేమి కావలసివచ్చినది? మంచి మనసుతో మొదలిడినవారు నడుమ ఏల ఆగిపోవుదురు? ఈ మూడు ప్రశ్నలను చరిత్ర వెలుగులో పరిశీలింతము.

ముందుగా లెక్క చూతము. ప్రొటెస్టెంటు సంఘముల బైబిలులో 66 గ్రంథములు కలవు. పాత నిబంధనలో 39, క్రొత్త నిబంధనలో 27. అధ్యాయములు పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260, మొత్తము 1,189. దినమునకు మూడు చొప్పున చదివినచో సంవత్సరము చాలదు. 397 దినములు పట్టును. కావున పూర్వులొక ఉపాయము కనిపెట్టిరి. వారదినములలో మూడేసి, ఆదివారమున ఐదు. ఇట్లు వారమునకు 23 అధ్యాయములగును. సంవత్సరాంతమునకు గ్రంథము ముగియుటయే గాక, ఇంకను పది అధ్యాయములకు చోటు మిగులును. ఈ మిగులు ఎంత విలువైనదో తరువాత తెలియగలదు.

ఈ లెక్క సాధ్యమగుటకు అధ్యాయములనునవి ఉండవలెను గదా. మూలగ్రంథములలో ఇప్పటి అధ్యాయ విభాగము లేదు. పదమూడవ శతాబ్దారంభమున పారిసు విద్యాపీఠమున బోధించుచుండిన స్టీఫెన్ లాంగ్టన్ అను ఆంగ్లపండితుడు నేటి విభాగమును ఏర్పరచెనని చరిత్రకారులు చెప్పుదురు. వచనములకు సంఖ్యలు వేసి 1551లో క్రొత్త నిబంధనను అచ్చొత్తించినవాడు రాబర్ట్ ఎస్తియెన్ అను ఫ్రెంచి ముద్రాపకుడు. ఊరి కొలతకు మైలురాళ్ళెట్టివో, గ్రంథపఠనమునకు ఈ సంఖ్యలట్టివి. అవి లేనినాడు "నేటికి ఇచ్చటికి ఆపుదము, రేపు ఇచ్చట మొదలిడుదము" అని ఇంటివారందరును ఒక్క మాటగా చెప్పుకొనుట కష్టము.

పవిత్రగ్రంథమును కాలమునకు పంచి చదువుట మాత్రము అంతకంటె పురాతనము. యూదులు ధర్మశాస్త్రమైన మొదటి ఐదు కాండములను 54 భాగములు చేసి, ప్రార్థనామందిరములలో వారమునకొక్కటి చొప్పున సంవత్సరమున ముగింతురు. చివరి పంక్తులు చదివిన పండుగనాడే, ఆలస్యము లేక, మొదటి పంక్తులను మరల అందుకొందురు. ముగింపునకును ఆరంభమునకును నడుమ ఒక్క దినమైనను ఖాళీ యుంచరు. ముస్లిములు ఖురానును ముప్పది భాగములుగా పంచి రంజాను మాసమున నిత్యమును ఒక భాగము చదువుదురు. ఆరవ శతాబ్దిలో బెనెడిక్టు అను క్రైస్తవ యతి తన మఠవాసులు 150 కీర్తనలను ప్రతివారమును పాడి ముగింపవలెనని నియమము వ్రాసెను. వీటన్నిటి యందును ఒక సామ్యము గలదు. పఠనము సమూహముది. ఒకడు తప్పినను వరుస తప్పదు.

గృహస్థునకు దగ్గరగా ఈ నియమమును తెచ్చినది పదునారవ శతాబ్ది. 1549లో ఇంగ్లండునందు థామస్ క్రాన్మర్ కూర్చిన ప్రార్థనాగ్రంథమున, దేశభాషలో నిత్యపఠనమునకు ఒక పట్టిక ఏర్పడెను. పాత నిబంధన సంవత్సరమునకొకమారు, క్రొత్త నిబంధన మూడుమారులు, కీర్తనలు నెలకొకమారు చదువబడవలెను. ఆ గ్రంథపు పీఠికలో ఒక మనోవేదన కనబడును. ఒక్కొక్క గ్రంథమును ఆర్భాటముగా మొదలుపెట్టి, మూడు నాలుగు అధ్యాయములు చదివి, తక్కినది విడిచిపెట్టు అలవాటు దేవాలయములలో పాతుకొనిపోయెనని అందు చెప్పబడినది. ఆరంభశూరత్వము మన యొక్కరి సొత్తు కాదన్నమాట! అయితే ఆ పట్టికయు సంపూర్ణము కాదు. పాత నిబంధనలో సామాన్యులకు అంతగా ఉపకరింపవని తోచిన కొన్ని అధ్యాయములను, క్రొత్త నిబంధనలో ప్రకటన గ్రంథమును చాలవరకు వదలివేసిరి. "సంపూర్ణము" అన్నమాట పలుకుట సులభము. పాటించుట పట్టికలు వేసినవారికే సులభము కాలేదు.

సామాన్యుడు తన యింటిలో తానే చదువవలెనన్నచో పుస్తకము చౌకగా దొరకవలెను. ఈ పని జర్మనీలోని హాలే నగరమున జరిగినది. 1710లో కాన్‌స్టైన్ ప్రభువు అచ్చటనొక బైబిలు సంస్థను స్థాపించి, ఒకమారు కూర్చిన అక్షరములను విప్పక అట్లే నిలిపి మరల మరల అచ్చొత్తించు పద్ధతిచే వెల తగ్గించెను. తెలుగువారికి ఈ హాలే నగరము పరాయిది కాదు. అచ్చటి పండితులు పంపగా భారతదేశమునకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరంగంబాడిలోను, పిమ్మట మద్రాసులోను ఉండి తెలుగు నేర్చి, 1720ల తుదిలోను 1730ల తొలిలోను బైబిలును తెలుగు చేసెను. ఆ యనువాదము వ్రాతప్రతిగానే మిగిలిపోయినది. 1740లలో ఆయన చిన్న తెలుగు పుస్తకములు కొన్ని హాలేలో అచ్చయినవి. తెలుగు ముద్రణ చరిత్రలో మొట్టమొదటి పుటలవియే. చిన్నవి అచ్చుకెక్కినవి, పెద్దది పెట్టెలో మిగిలినది.

తెలుగు బైబిలు పాఠకుని చేతికి వచ్చుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టెను. 1805లో లండను మిషనువారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో అనువాదమునకు పూనుకొనిరి. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించిరి. 1812లో మూడు సువార్తలు బెంగాలులోని శ్రీరామపురమున అచ్చయినవి. ఆ యేడు మార్చి నెలలోనే అచ్చటి ముద్రణాలయము అగ్నికి ఆహుతియై అనేక భాషల అచ్చక్షరములు కరిగిపోయినవి. అయినను పని ఆగలేదు. 1818లో క్రొత్త నిబంధన వెలువడెను. 1821లో శ్రీరామపురమువారు మొదటి ఐదు కాండములను ప్రకటించిరి. విశాఖపట్టణపు మిషనరీలు తరువాత తరమున పట్టు విడువక శ్రమింపగా, 1854 నాటికి తెలుగున సంపూర్ణ బైబిలు సిద్ధమాయెను.

అనువాదకులు ఎన్నుకొన్న మాటలను కొంచెము గమనింతము. మొదటి ఐదు గ్రంథములకు ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అని పేరులు స్థిరపడినవి. కాండమన్న మాట రామాయణ పారాయణముచే తెలుగు చెవికి అలవాటైనది. కీర్తనయు అట్టిదే, అధ్యాయమును అట్టిదే. గ్రంథము క్రొత్తదైనను దానిని చదువు తీరునకు కావలసిన భాష ఈ నేలమీద ముందే యుండెను.

ఇక మన గోదావరి పాయల కడకు వత్తము. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడు తన వృత్తిని విడిచి, ముందు బాగ్దాదునకు, 1833లో భారతదేశమునకు వచ్చెను. స్వదేశమునకు పోయి 1836లో మరలి వచ్చునప్పుడు డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ నగరమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు యువకులను సకుటుంబముగా వెంటబెట్టుకొని వచ్చెను. వారు మచిలీపట్టణమున కొంతకాలముండి నరసాపురము చేరి, ఆ పరిసరములలో గోదావరి డెల్టా మిషనని తరువాత పేరొందిన పనికి పునాది వేసిరి. 1841లో మచిలీపట్టణమున, 1842లో గుంటూరున, 1845లో రాజమహేంద్రవరమున ఇతర మిషనులు స్థిరపడినవి.

ఇచ్చట సంవత్సరములను పోల్చిచూచినచో ఒక సంగతి తేటపడును. బౌడెన్, బీర్ వచ్చినది 1836. సంపూర్ణ తెలుగు బైబిలు వచ్చినది 1854. ఈ నడుమ పదునెనిమిది సంవత్సరములపాటు నరసాపురము చుట్టుప్రక్కల తెలుగువాడెవడైనను "గ్రంథమంతయు చదివెదను" అని సంకల్పింపదలచినను అది జరుగదు. క్రొత్త నిబంధన కలదు, ఐదు కాండములు కలవు, మరికొన్ని భాగములు కలవు. సమగ్ర గ్రంథము లేదు. ఆంగ్లము తెలిసిన దొరలకు గల వసతి తెలుగు శ్రోతకు లేదు. మనమిప్పుడు సులువుగా చేసి సులువుగా విడిచిపెట్టు సంకల్పము, అప్పటి మొదటి తరమువారికి చేసికొనుటకైనను వీలులేని సంకల్పము.

పుస్తకము వచ్చిన తరువాత రెండవ అడ్డంకి ఎదురాయెను. చదువగలవారెవరు? సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1847 మొదలు 1852 వరకు నిర్మితమాయెను. వేలకొలది కూలీలు దానికై చెమటోడ్చిరి. డెల్టాలో క్రైస్తవమును స్వీకరించినవారిలో పెక్కుమంది ఇట్టి శ్రమజీవులు, మాల మాదిగ పల్లెలవారు, తరతరములుగా బడి గడప తొక్కనీయబడనివారు. 1901 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమంతట అక్షరాస్యులు నూటికి సుమారు 5. స్త్రీలలో నూటికి ఒక్కరు కూడ లేరు. కావున ఈ పల్లెలలో గ్రంథము చదువుదునన్న సంకల్పమునకు మొదటి మెట్టు ఆదికాండము కాదు, ఓనమాలు. మిషను బడులు అక్షరము నేర్పినది గ్రంథము చదువుటకే. కాని నేర్చిన అక్షరము గ్రంథమువద్ద ఆగలేదు. ఉత్తరము చదివెను, దస్తావేజు చదివెను, కూలి లెక్క చదివెను. నిత్యపఠన నియమము ఈ జిల్లాలో మిగిల్చిన ఫలములలో దీనిని మొదట పేర్కొనవలెను.

ఇంటిలో చదువు వచ్చినవాడు ఒక్కడే యున్నచో అతడు చదువును, తక్కినవారు విందురు. పౌరాణికుడు చదువగా ఊరు వినుటకును, దీపమువద్ద కుమారుడు చదువగా తల్లి వినుటకును భేదము కొలతలోనే గాని తీరులో లేదు. అక్షరము రాని తల్లి ఏండ్లతరబడి విని విని గ్రంథమును నోటికి తెచ్చుకొనుట, చదివినవాడు తడబడినచో సవరించుట ఇట్టి యిండ్లలో వింత కాదు.

ఈ కాలముననే, 1842 డిసెంబరు 30వ తేదీన, స్కాట్లండులోని డండీ నగరపు గురువు రాబర్ట్ ముర్రే మక్‌షేన్ తన సంఘమునకొక పట్టిక వ్రాసి యిచ్చెను. తేదీల వరుసతో వెలసిన పఠన పట్టికలలో ఇంత ప్రసిద్ధికెక్కినది మరియొకటి లేదు. దినమునకు నాలుగు అధ్యాయముల వంతున, సంవత్సరమున పాత నిబంధన ఒకమారు, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండుమారులు ముగియును. నాలుగింటిలో రెండు కుటుంబముతో కలిసి చదువవలసినవి, రెండు ఏకాంతమున చదువవలసినవి. సంఘమువారందరును ఒకేనాడు ఒకే భాగమును చదువుచుండినచో, వీధిలో కలిసినప్పుడు చెప్పుకొనుటకు మాట యుండునని ఆయన ఊహ.

మక్‌షేన్ గొప్పతనము పట్టిక వేయుటలో కంటె, పట్టికతోడనే దాని అపాయములను కూడ వ్రాసి యిచ్చుటలో కలదు. ఆయన నాలుగు అపాయములను చెప్పెను. చదువు ఆచారమాత్రమై ప్రాణము లేనిదగుట మొదటిది. నేటి వంతు ముగించితిని గదా యని తన్ను తాను మెచ్చుకొనుట రెండవది. అర్థము పట్టక పుటలు త్రిప్పుట మూడవది. మోయలేని కాడియై పఠితను క్రుంగదీయుట నాల్గవది. ఇంత తెలిసియు ఆయన పట్టికను మానలేదు. వరుసగా చదివిననే గ్రంథము మొత్తము కంటబడునని, ఏది చదువుదునా యని వెదకుటలో కాలము పోదని, తల్లిదండ్రులకును బిడ్డలకును నిత్యము మాటాడుకొన ఒక విషయము దొరకునని లాభములను కూడ పేర్కొనెను. అపాయమును దాచక చెప్పుట వైద్యుని లక్షణము. ఆయన 1843 మార్చి 25న, ముప్పది యేండ్లు నిండకయే, జ్వరముచే మరణించెను. అనగా తాను వ్రాసిన పట్టికను తానే మూడు మాసములైనను అనుసరింపలేకపోయెను. ఆ పట్టిక నేటికిని చదువబడుచున్నది.

ఇక రెండవ మార్గమొకటి కలదు. అది మన డెల్టాకు మరింత చుట్టరికము గలది. బ్రిస్టలు నగరమున అనాథశాలలు నెలకొల్పిన జార్జి ముల్లరు, పైన చెప్పిన గ్రోవ్స్‌కు బావమరది. గ్రోవ్స్ సోదరిని వివాహమాడెను. ముల్లరు చదివినది ఆ హాలే నగరముననే. తాను మొదట గ్రంథమును గూర్చిన పుస్తకములను చదివితిని గాని గ్రంథమును చదువలేదని ఆయన చెప్పుకొనెను. తరువాత దీర్ఘజీవితమున నూరు మారులకు మించి ఆద్యంతము చదివెను. ఆయన పద్ధతిలో తేదీలు లేవు. పాత నిబంధనలో ఒకచోట, క్రొత్త నిబంధనలో ఒకచోట గుర్తు పెట్టుకొనవలెను. ఒకమారు ఇక్కడ, ఒకమారు అక్కడ చదువవలెను. ఆపినచోటనుండియే మరల సాగవలెను.

ఈ రెండు మార్గముల భేదము మొదట చిన్నదిగా తోచును. కాని సంకల్పము నిలుచుటయు కూలుటయు చాలవరకు ఇచ్చటనే నిర్ణయమగును. తేదీల పట్టికలో ఒక దినము తప్పినచో అప్పు మిగులును. వారము దినములు జ్వరము వచ్చినచో 23 అధ్యాయములు బాకీపడును. మిగులుగా చూచుకొన్న పదింటితో అది తీరదు. దినమునకొకటి చొప్పున అదనముగా చదివినను ఇంచుమించు నెల పట్టును. రైతునకు అప్పు సంగతి చెప్పనక్కరలేదు. అసలుకంటె అది మనసుమీద పెట్టు బరువే ఎక్కువ. పఠితకు భక్తి తగ్గి పుస్తకము మూయడు. బాకీ చూచి మూయును. గుర్తుపెట్టి చదువువానికి ఈ బాధ లేదు. మూడు వారములు ఆగినచో మూడు వారములు ఆలస్యముగా ముగించును, అంతియే. కాని ఈ రెండవ మార్గమునకును లోపము గలదు. తొందరపెట్టు తేదీ లేనందున ఒక గుర్తు ఒక్కచోటనే ఏండ్లతరబడి ఉండిపోవచ్చును. కావున ఇంటిల్లిపాది కలిసి చదువుచోట తేదీ మేలు, ఒంటరిగా చదువుచోట గుర్తు మేలు అని మాకు తోచును.

పెద్ద గ్రంథమునకు చిన్న చేయి చాపు మూడవ మార్గమును ఉన్నది. 1728లో జర్మనీలోని హెర్న్‌హుట్ గ్రామమున జిన్‌జెన్‌డోర్ఫ్ ప్రభువు తనవారికి దినమునకొక వాక్యము ఇయ్య నారంభించెను. 1731 మొదలు అవి యేటేట పుస్తకముగా వెలువడుచున్నవి. 1879లో ఇంగ్లండునందు పిల్లల కొరకు స్క్రిప్చర్ యూనియన్ ఏర్పడి, ఒక చీటిమీద దినమునకొక చిన్న భాగము అచ్చొత్తించి పంచెను. కెజిక్ గ్రామపు ఆదివార బడి ఉపాధ్యాయిని ఆనీ మార్‌స్టన్ తన విద్యార్థుల కొరకు చేసిన ఏర్పాటే దానికి మూలము. 1969లో రోమను కథోలిక సంఘము ఆదివార పఠనములను మూడు సంవత్సరముల చక్రముగా అమర్చెను. సంవత్సరమన్నది శాసనము కాదని ఇవన్నియు చెప్పుచున్నవి.

ఇప్పుడు మూడవ ప్రశ్న. ఎక్కడ ఆగుదురు? వారమునకు 23 అధ్యాయముల వంతున జనవరి ఒకటిన మొదలిడినవాడు సంక్రాంతిని ఆదికాండపు చివరి కథలతో, యోసేపు వృత్తాంతముతో గడపును. కథ తానే నడిపించును. జనవరి మూడవ వారము దాటగానే నిర్గమకాండమున గుడారపు కొలతలు వచ్చును. నెల తుదకు లేవీయకాండము. బలుల విధులు, శుద్ధి నియమములు. అప్పుడే మన డెల్టాలో దాళ్వా నాట్ల తొందర. చేనిలో పని పెరుగును, గ్రంథమున రుచి తరుగును. ఏప్రిల్ నడుమ దినవృత్తాంతముల మొదటి గ్రంథమున తొమ్మిది అధ్యాయములు వంశావళులే. ఈ మూడు గండములు దాటినవాడు చాలవరకు ఒడ్డు చేరును. అన్ని అధ్యాయములకు సరిగా నడుమనుండునది 117వ కీర్తన. దానికి ముందు 594 అధ్యాయములు, వెనుక 594. అది రెండే వచనములది. గ్రంథమంతటిలో అన్నిటికంటె చిన్న అధ్యాయము. ఏరువాక సాగి తొలకరి వానలు పడునాటికి, జూను తుదకు, పఠిత అచ్చటికి చేరి ఊపిరి తీసికొనును.

గండములని మనమన్న చోటులను విడిచిపెట్టినచో నష్టమేమి? ఒక్క ఉదాహరణము చాలును. లేవీయకాండము 19వ, 23వ అధ్యాయములలో ఒక ఆజ్ఞ కలదు. పంట కోయునప్పుడు పొలపు అంచులను పూర్తిగా కోయరాదు. రాలిన పరిగెను ఏరుకొనరాదు. అది బీదలకును పరదేశులకును విడువవలెను. పరిగె యన్న మాటకు గోదావరి రైతునకు వ్యాఖ్యానము అక్కరలేదు. కోతలయిన చేలలో రాలిన వెన్నులను ఏరుకొను పేదరాండ్రను చూడని వారుండరు. ఈ ఆజ్ఞ తెలిసినవాడు, తరువాత రూతు గ్రంథమునకు వచ్చినప్పుడు, పరదేశియు విధవయునైన రూతు బోయజు చేనిలో పరిగె ఏరుకొనుట చూచి ఆగును. అది దయాభిక్ష కాదు, హక్కు. నియమము చదువనివానికి రూతు కథ అందమైన కథ మాత్రమే. చదివినవానికి నియమము కథగా పరిణమించుట కంటికి కనబడును. సంఖ్యాకాండమును అట్టిదే. 26వ అధ్యాయపు జనాభా లెక్కల విసుగు దాటినవానికి 27వ అధ్యాయమున సెలోపెహాదు కుమార్తెలైదుగురు ఎదురగుదురు. మగ సంతతి లేని తండ్రి భూమి మాకేల రాకూడదని సభయెదుట నిలిచి అడిగి గెలిచిన స్త్రీలు వారు. లెక్కలను విడిచినవాడు వారినీ విడుచును. సంపూర్ణపఠనమునకు గల బలమిది: రుచించిన భాగములను మాత్రమే ఏరుకొని చదువుటచే దొరకని సంబంధములు వరుసగా చదువుటచే దొరకును. రామాయణమున సుందరకాండము ఒక్కటే నిత్యము చదువువారు ధన్యులే. కాని అయోధ్యాకాండము చదివినవారికి సుందరకాండమున సీత దుఃఖము మరింత లోతుగా తెలియును.

ఇంతకును దినమునకు పట్టు కాలమెంత? ఆంగ్ల బైబిలును బిగ్గరగా ఆద్యంతము చదువుటకు డెబ్బది మొదలు ఎనుబది గంటలు పట్టునని లెక్క. సంవత్సరమునకు పంచినచో దినమునకు పావుగంట లోపల. తెలుగున కొంత హెచ్చినను, రేడియోలో వార్తలు విని ముగించునంత సేపే. కావలసినది కాలము కాదు, వేళ. రేడియో గల యిండ్లవారికి ఈ భేదము చక్కగా తెలియును. ఉదయము భక్తిరంజని, ఆపైన వార్తలు. ఆ వేళకు చెవి తానే సిద్ధమగును. కొలత కుదిరినను వేళ కుదరని పఠనము నిలువదు. నేడు గ్రంథమును ఫోనులో వినువారును పెక్కురు. వినుట చదువుటలోనిది కాదని అనువారికి మన పురాణశ్రవణ సంప్రదాయమే సమాధానము.

చరిత్రనుండి మనకు దొరకిన మాటలను ఒకచోట చేర్చుదము. ఇంటిలో కలిసి చదువుట మేలు; ఒకరు తడబడిననాడు మరియొకరు మోయుదురు. పట్టికలో మిగులు దినములుంచుకొనుట మేలు. పది అధ్యాయముల మిగులు చాలదన్నవారు రెండు సంవత్సరములు పెట్టుకొనవచ్చును, మూడు పెట్టుకొనవచ్చును. బాకీని చూచి పుస్తకము మూయుటకంటె బాకీని కొట్టివేసి నేటి పుట తెరచుట మేలు. రుచిలేని చోట వేగము తగ్గించి, మనకు తెలిసిన పొలమును, పంటను, యజ్ఞమును, దాయభాగమును ఆధారముగా చేసికొని చదువుట మేలు. మక్‌షేన్ చెప్పిన నాలుగు అపాయములను పట్టికయొక్క మొదటి పుటనే వ్రాసికొనుట అన్నిటికంటె మేలు.

ఒక గ్రంథము తెలుగున పూర్తిగా వచ్చుటకు షుల్జ్ కాలమునుండి 1854 వరకు నూటపాతికేండ్లు పట్టెను. దానిని చదువగల అక్షరము పల్లెలకు చేరుటకు మరి కొన్ని తరములు పట్టెను. అంతకాలము పట్టిన దానిని ముగించుటకు ఒక పఠితకు సంవత్సరము చాలక రెండు పట్టినచో అందులో చిన్నతనమేమియు లేదు. ఏ మతము వారైనను, ఏ గ్రంథమైనను, ఆపిన పుటను మరల తెరచువాడే తుదిపుట చూచును. తుదిపుట చూచిననాడు యూదులవలె మొదటి పుటను కూడ ఆనాడే తెరచినచో, మరుసటి సంకల్పమునకు జనవరి ఒకటవ తేదీవరకు ఆగవలసిన పనియుండదు.